ముప్పై రెండు నడుము

బరువు చూసుకునే మిషను ఎక్కడ పెట్టాలన్న గొడవ మూడో రోజుకు వచ్చింది. స్నానాలగదిలో పెడదామని నేను. అక్కడ తడి, తుప్పు పడుతుందని అత్తయ్య. తన గదిలోకి మాత్రం తేవద్దని మా అమ్మాయి. భోజనాల బల్ల పక్కనే, గోడ వారగా ఉంటే అందరికీ కనబడుతుందని మా ఆయన.

"అందరికీ ఎందుకు కనబడాలి?" అన్నాను.

"నీకు సిగ్గేయాలిగా. సిగ్గేస్తేనే తగ్గుతావు," అన్నారు. కోపంగా కాదు. ఉడికించిన గుడ్డు పెంకు వలుస్తూ, బయట వాన పడుతోందన్నంత మామూలుగా అన్నారు.

మిషను బల్ల పక్కనే ఉండిపోయింది. మా ఇంట్లో ఏ గొడవైనా ఆయన ఆపమన్న చోటే ఆగుతుంది. ఆయన డ్రైవింగ్ స్కూల్లో శిక్షకుడు. నేర్చుకునేవాళ్ళ కారులో పక్క సీటు దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఇరవై ఏళ్ళుగా ఆ బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చున్న మనిషి. ఇంట్లోనూ అంతే. తినేది నేను, బ్రేకు ఆయన కాలి కింద.

మిషను కన్నా ముందు వచ్చింది యాప్. నలభై ఆరో పుట్టినరోజున నేను కేకు కోసి మొదటి ముక్క నోట్లో పెట్టుకున్నానో లేదో, ఆయన నా ఫోను తీసుకుని అమ్మాయి చేతికిచ్చి ఆ యాప్ పెట్టించారు. అది మామూలు డైటింగ్ కాదట. మనస్తత్వ శాస్త్రం చదివినవాళ్ళు తయారుచేశారట. ఎందుకు తింటున్నామో తెలిస్తే ఎంత తినాలో దానంతటదే తెలుస్తుందట. ఇదంతా ఆయన నిలబడి, తన స్కూల్లో కొత్తవాళ్ళకు చెప్పినట్టు చెప్పారు. ఆయన అక్క, అంటే మా వదినగారు, ఆవిడ భర్త కూడా ఆ రోజు మా ఇంట్లోనే ఉన్నారు.

"మనస్తత్వం దాకా ఎందుకురా, వంటగదికి తాళం వేస్తే పోలా?" అంది వదినగారు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ ఇంట్లో నా మీద వేసే ఏ జోకుకైనా చివరగా నవ్వే పని నాదే.

ఆ యాప్‌లో 'తోడు' అని ఒక గడి ఉంది. మనల్ని ప్రోత్సహించే మనిషి ఎవరైనా ఉంటే వాళ్ళ నంబరు అందులో వేస్తే, వారం వారం మన బరువు సంగతి వాళ్ళకూ వెళ్తుంది. ఆయన అడగకుండానే తన నంబరు వేసేసుకున్నారు.

నిజం చెప్పాలంటే యాప్ చెడ్డదేమీ కాదు. పొద్దున్నే షాపుకు వెళ్ళే బస్సులో ఒక చిన్న పాఠం చదివించేది. తిండిని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు అని మూడు రంగులుగా విడదీసేది. ఎరుపు తినొద్దని అనేది కాదు, కాస్త చూసుకోమనేది. తినబోయే ముందు ఒక ప్రశ్న అడిగేది: ఈ ఆకలి కడుపులోదా, మనసులోదా? మర్యాదగానే అడిగేది. ఆ ప్రశ్న నా ఫోనులో ఉన్నంతకాలం నాకు నచ్చింది కూడా. వారం తిరిగేసరికి అది ఇంటిల్లిపాదికీ నోటికి వచ్చేసింది.

నా చెయ్యి గరిట మీదకు వెళ్తే చాలు, "ఆకలి కడుపులోదా, మనసులోదా?" అనేవారు ఆయన. "ఎరుపు, ఎరుపు," అనేది అత్తయ్య. సూదిలో దారం ఎక్కించమని నా దగ్గరకు తెచ్చే అత్తయ్యకు, బల్ల అవతలి చివర నుంచి నా పళ్ళెంలో బంగాళదుంప ముక్క మాత్రం స్పష్టంగా కనబడేది. అమ్మాయికి పదిహేడేళ్ళు. అది తల వంచుకుని తన పళ్ళెం వంక చూసుకునేది.

పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. నేను కోరుకున్నది పెద్దదేమీ కాదు. ఒక్క పూట, ఆ బల్ల దగ్గర కూర్చుని, నా పళ్ళెం గురించి ఎవరూ ఏమీ అనకుండా కడుపునిండా తినాలి. నన్ను మెచ్చుకోనక్కర్లేదు. ఊరుకుంటే చాలు.

నేను పనిచేసేది బట్టలు సరిచేసే షాపులో. నాలుగు కుట్టు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, ఒక నిలువుటద్దం, దాని పక్కన తెర కట్టిన మూల. రెడీమేడ్ బట్టలు పొడవైతే తగ్గిస్తాం, బిగుతైతే వదులు చేస్తాం. కొలతలు తీసేది నేను, పుస్తకంలో రాసుకునేది కాజాలక్క. గుండీలకు కాజాలు కుట్టడంలో ఆవిడను మించినవాళ్ళు లేరు కాబట్టి ఆ పేరు. మా షాపులో ఒక పద్ధతి ఉంది. కొలిచేవాళ్ళు అంకె పైకి చెప్పాలి, రాసేవాళ్ళు అదే అంకె తిరిగి పైకి అనాలి. ఎప్పుడో ఒకసారి ముప్పై నాలుగు నలభై నాలుగై పెళ్ళికొడుకు కోటు పాడైన దగ్గర్నుంచి ఆ నియమం.

యాప్ కూడా నన్ను రాయమంది. తిన్న ప్రతిసారీ, తినే ముందు ఏం జరిగింది, ఎవరేమన్నారు, అన్నీ. నాకు కొలతలు రాయించడం అలవాటే కాబట్టి అలాగే రాశాను. రాత్రి భోజనం. అన్నం, చిక్కుళ్ళు, రెండు దుంప ముక్కలు. మూడోది తీసుకోబోతే ఆయన 'కారుకు రెండు సీట్లు కావాలేమో ఇక' అన్నారు. పెట్టేశాను. తర్వాత వంటగదిలో గిన్నెలు కడుగుతూ ఏడు బిస్కెట్లు. ఇలా నెల రోజులు రాశాను.

నెల నిండాక యాప్ నుంచి నాకు ఒక ఉత్తరంలాంటిది వచ్చింది. రాసింది మనిషో మిషనో నాకు తెలియదు. 'ఎరుపు తిండిలో మీరు కూర్చుని తిన్నదాని కన్నా వంటగదిలో నిలబడి తిన్నది ఎక్కువ. నిలబడి తిన్న పద్నాలుగు సార్లలో పదకొండు సార్లు, ఎవరో మీ పళ్ళెం గురించి మాట్లాడిన పావుగంటలోపే తిన్నారు' అని ఉంది.

బస్సులో దాన్ని మూడుసార్లు చదివాను. దిగాల్సిన చోటు దాటిపోయింది. అంటే నాది తిండియావ కాదన్నమాట. ఆయన మాట గొంతులో అడ్డం పడితే దాన్ని కిందికి దించడానికి బిస్కెట్లు తింటున్నానన్నమాట. ఇరవై రెండేళ్ళుగా నన్ను నేనే తిట్టుకున్నాను కదా, ఆ తిట్లన్నీ ఎవరికి చెందాలో ఆ నిమిషంలో తెలిసింది. ఒళ్ళు మండింది.

ఉత్తరం కింద ఒక సలహా కూడా ఉంది. 'ఇతరులు నొచ్చుకోకుండా మీరు గుట్టుగా చేసే పనులు ఏమైనా ఉన్నాయా? వాటిలో ఒకదాన్ని కొన్నాళ్ళు ఆపి చూడండి. మనసు తేలికపడుతుంది.'

మంచి మాటే రాశారు. నా భారం తగ్గాలనే రాశారు. కానీ అది చదివిన క్షణంలో నాకు గుర్తొచ్చిన పని ఒక్కటే. ఆయన ప్యాంట్లు.

పెళ్ళినాటికి ఆయన నడుము ముప్పై రెండు అంగుళాలు. సన్నగా, చువ్వలా ఉండేవారు. నాలుగేళ్ళకు ఒకరోజు డ్రైవింగ్ స్కూలుకు బయల్దేరుతుంటే హుక్కు పట్టలేదు. మంచం అంచున కూర్చుని ఆయన మొహం వేలాడేసుకున్న తీరు చూసి నాకు జాలేసింది. ఆ రోజు షాపులో వెనక కుట్టు విప్పి, లోపల వదిలిన గుడ్డలోంచి ఒక అర అంగుళం బయటికి తీసి మళ్ళీ కుట్టాను. తెల్లారి వేసుకుని, "చూశావా, నిన్నటిది ఉత్త ఉబ్బరం," అన్నారు. నేను అవునన్నాను. అక్కడ మొదలైంది. లోపలి గుడ్డ అయిపోయాక ప్యాంట్లు నేనే కుట్టడం మొదలుపెట్టాను. పాత ప్యాంటు నడుము పట్టీ లోపల ఉండే చీటీని, ముప్పై రెండు అంకె ఉన్నదాన్ని, జాగ్రత్తగా విప్పి కొత్తదానికి కుట్టేదాన్ని. పద్దెనిమిదేళ్ళలో ఆ చీటీ ఎన్ని ప్యాంట్లు మారిందో. ఆయన మాత్రం ఎక్కడికి వెళ్ళినా, "పెళ్ళినాటి కొలతే, ఒక్క అంగుళం మారలేదు," అని నడుము తట్టుకుని చెప్పేవారు. చెప్పి నా వంక చూసేవారు.

పద్దెనిమిదేళ్ళుగా ఆయన పొట్టను నేను కుట్లలో దాస్తూ వచ్చాను. నా పొట్టను ఆయన బల్ల మీద పెడుతూ వచ్చారు.

ఆ వారమే ఆపేశాను. కానీ ఆపితే ఏమవుతుంది? ఆయన మళ్ళీ అర అంగుళం పెరగడానికి ఏడాది పడుతుంది. అంత ఓపిక నాకు లేకపోయింది. అందుకని ఇచ్చింది వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టాను. ఆయనకు ఆరు ప్యాంట్లు. ఉతికి ఆరేసినవి సంచిలో పెట్టుకుని షాపుకు తీసుకెళ్ళి, మధ్యాహ్నం టిఫిను డబ్బా ముగించాక, ప్రతి ప్యాంటుకూ వారానికి పావు అంగుళం లోపలికి పట్టేదాన్ని. పావు అంగుళమంటే ఏమీ కాదు. పిల్లల చిటికెన వేలి గోరంత.

కాజాలక్క రెండో వారంలోనే కనిపెట్టింది.

"లోకమంతా వదులు చెయ్యమని తెస్తుంటే నువ్వు బిగిస్తున్నావేంటమ్మాయ్? మీ ఆయన తగ్గాడా?"

"తగ్గబోతున్నారు."

ఆవిడ నా మొహంలోకి ఒకసారి చూసి, సూదిపెట్టె నా వైపు జరిపింది. ఆవిడకూ ఒక మొగుడున్నాడు.

మూడో వారానికి ఆయన కారు ఎక్కేటప్పుడు ఆగి ఊపిరి పీల్చుకోవడం బాల్కనీలోంచి కనిపించింది. నాలుగో వారంలో బట్టల సబ్బు మార్చమన్నారు. ఐదో వారంలో అత్తయ్య మీద పడ్డారు. బట్టలుతికే మిషను వేసేది అత్తయ్య. వేడినీళ్ళు వాడుతోందని, గుడ్డ దగ్గరపడిపోతోందని, ఎంత చెప్పినా చెవిన వేసుకోవడం లేదని. అత్తయ్య మూతి ముడుచుకుని, ముప్పై ఏళ్ళుగా ఉతుకుతున్నాను ఇప్పుడు కొత్తగా నాకు నేర్పుతావా అంది. నేను బల్ల తుడుస్తూ ఇద్దరి మాటలూ విన్నాను. అంత శ్రద్ధగా ఆ బల్లను ఎప్పుడూ తుడవలేదు.

ఆరో వారంలో ఆయనే బజారుకు వెళ్ళి ముప్పై రెండు సైజు రెడీమేడ్ ప్యాంటు ఒకటి కొనుక్కొచ్చారు. గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. చాలాసేపటికి బయటికొచ్చి, అది మడతపెట్టి నా చేతికిచ్చారు.

"ఈమధ్య సైజులన్నీ తప్పులే. ఇది కాస్త చూడు."

"ముప్పై రెండేగా," అన్నాను చీటీ చూసి. "మీ కొలతే. ఇందులో సరిచేయడానికేముంది?"

ఆయన ఏదో అనబోయి ఊరుకున్నారు. నా ఎదుట ఆయన ఏదైనా అనబోయి ఊరుకోవడం అదే మొదటిసారి. ఆ పూట నాకు బిస్కెట్లు గుర్తే రాలేదు. ఆ ఆరు వారాల్లో నేను రెండున్నర కిలోలు తగ్గాను. పాఠాల వల్ల తగ్గావా, పగ వల్ల తగ్గావా అని యాప్ అడగలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం వదినగారు, ఆవిడ భర్త భోజనానికి వచ్చారు. కోడికూర, బంగాళదుంపలు, చిక్కుళ్ళు, పెరుగు చేశాను. ఆయన చొక్కా బయటికి వదిలి కూర్చున్నారు. లోపల హుక్కు పెట్టుకోలేదని, బెల్టుతో నెట్టుకొస్తున్నారని నాకు తెలుసు. నేను రెండో గరిట దుంపలు వేసుకుంటుంటే ఆయన ఫోను మోగింది. నా వారం సంగతి వచ్చింది.

"రెండున్నర కిలోలు," అని పైకి చదివారు. "పది వారాలకు రెండున్నర. వింటున్నావా అక్కా? పట్టుదల అనేది ఉండాలి మనిషికి. అదే నేనైతే నెలలో చేసి చూపిస్తాను. నాలో తగ్గించడానికేమీ లేదనుకో."

"చూపించరా మరి," అంది వదినగారు. ఆవిడకు ఎవరినైనా ఒకరిని ఎగదోస్తే తప్ప అన్నం సహించదు. "నువ్వూ చేరు. ఇద్దరూ పోటీ పడండి."

పోటీ అంటే ఆయన ఆగరు. తన ఫోనులోనూ యాప్ పెట్టమని అమ్మాయికిచ్చారు. వయసు, ఎత్తు చెప్పారు. బరువు అడిగితే లేచి మిషను మీద నిలబడ్డారు. ఎనభై ఆరు. ఎముకల బరువన్నారు. నడుము కొలత అడిగితే, "ముప్పై రెండు. అందరికీ తెలిసిందేగా," అన్నారు.

అమ్మాయి అంకె నొక్కి, వచ్చింది చదివింది. "నాన్నా, ఒప్పుకోవడం లేదు. ఈ ఎత్తుకూ ఈ బరువుకూ నడుము కొలత కుదరడం లేదట. టేపుతో మళ్ళీ కొలవమంటోంది."

"దానికేం తెలుసు," అన్నారు. అందరూ తన వైపే చూస్తున్నారని గమనించి నా వైపు తిరిగారు. "నీ టేపు తీసుకురా. కొలిచి చెప్పు దానికి."

తెచ్చాను. ఆయన చొక్కా పైకెత్తి, పొట్ట లోపలికి లాగి, ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. తెర వెనక రోజూ ఎంతమందిని చూడను? అలాంటప్పుడు మేము ఏదో ఒకటి అడుగుతాం. జవాబు చెబుతూ ఎవరూ ఊపిరి బిగబట్టలేరు.

"పెళ్ళినాటికి ఎంతని చెప్పారూ?" అన్నాను.

"ముప్పై రె..." అన్నారు. పొట్ట దాని చోటికి అది వచ్చింది. టేపు దగ్గరికి లాగాను.

పాపం అనిపించే మనుషులకు మేము టేపు మీది అంకెకు వేలు అడ్డం పెట్టి ఒక అంగుళం తక్కువ చెబుతాం. ముప్పై ఎనిమిదిన్నర అని ఉంటే అక్కడితో పోయేది. లేదా ఆయన చెవిలో చెప్పొచ్చు. ఆ రెండూ నాకు తోచాయి. తోచాకే పైకి చెప్పాను, షాపులో చెప్పినట్టు, గదంతా వినబడేలా.

"నడుము, ముప్పై తొమ్మిదిన్నర."

అమ్మాయి సెలవుల్లో మా షాపులో పుస్తకం రాసేది. అలవాటున దాని నోట్లోంచి వచ్చేసింది.

"ముప్పై తొమ్మిదిన్నర."

రెండుసార్లు విన్నాక వినలేదనడానికి ఎవరికీ వీల్లేకపోయింది.

"తప్పు," అన్నారు ఆయన. "ప్యాంటు మీద ముప్పై రెండని రాసుంది."

"అది నేను కుట్టిన చీటీ."

అంతా చెప్పాను. గొంతు పెంచలేదు. మొదటి అర అంగుళం దగ్గర్నుంచి, చీటీ ఎన్ని ప్యాంట్లు మారిందో, ఆరు వారాలుగా ఎంత వెనక్కి తీసుకున్నానో కూడా చెప్పాను. అత్తయ్య వైపు తిరిగి, మీ ఉతకడంలో లోపమేమీ లేదత్తయ్యా అన్నాను.

ఆయన మొహం కందగడ్డలా అయింది. "ఇన్నేళ్ళూ నన్ను వెర్రివాణ్ణి చేశావా?"

"ఇన్నేళ్ళూ మిమ్మల్ని కాపాడాను. ఇప్పుడు మానేశాను."

మొదట నవ్వింది అన్నయ్యగారు, వదినగారి భర్త. నీళ్ళు తాగుతూ పొలమారేలా నవ్వారు. తర్వాత వదినగారు. ఆయన కూర్చుని, చేతికి పని కావాలన్నట్టు కోడికూర గరిట అందుకున్నారు.

"ఒరేయ్, ఆకలి కడుపులోదా, మనసులోదా?" అంది వదినగారు.

"ఎరుపు," అంది అత్తయ్య. వేడినీళ్ళ నింద ఇంకా మరిచిపోలేదు.

ఆయన గరిట వదిలేశారు. తల వంచుకుని పళ్ళెం అంచు వంక చూస్తూ కూర్చున్నారు. ఆ చూపు నాకు బాగా తెలుసు. అబద్ధం ఎందుకు, నా కడుపు నిండింది. ఇరవై రెండేళ్ళ ఆకలి ఒక్కసారే తీరినట్టు నిండింది. ఇంకా నవ్వనీ, ఇంకాసేపు నవ్వనీ అనుకున్నాను.

నా దుంపలు నేను తినడం మొదలుపెట్టాను. నా వైపు ఎవరూ చూడటం లేదు. మూడో గరిట కూడా వేసుకున్నాను. ఒక్కరు ఒక్క మాట అనలేదు.

అప్పుడు చూశాను అమ్మాయిని. అది తన పళ్ళెంలో ఇంకా కలపని అన్నంలో సగం తీసి, చప్పుడు కాకుండా గిన్నెలో తిరిగి వేస్తోంది. దుంపలూ వేసేసింది. అందరూ వాళ్ళ నాన్న పళ్ళెం చూస్తున్నారు కాబట్టి తనను ఎవరూ చూడరని ధైర్యం. చెయ్యి తిరిగినట్టు చేస్తోంది, ఈరోజు కొత్తగా నేర్చుకున్న పనిలా లేదు. దాని మణికట్టు ఎప్పుడు అంత సన్నబడిందో కొలతలు తీసే నాకే తెలియలేదు. ఆయన ప్యాంట్లు బిగించడంలో మునిగిపోయి ఉన్నాను కదా.

ఆ బల్లకు ఎప్పుడూ ఎవరిదో ఒకరి పళ్ళెం కావాలి. ఇవాళ ఆయనది దొరికింది. రేపు అది ఎటు తిరుగుతుందో నాకు అర్థమైంది.

నా పళ్ళెం ఖాళీ చేశాను. నీళ్ళు తాగాను. వదినగారి నవ్వు సద్దుమణిగేదాకా ఆగి చెప్పాను.

"రేపటి నుంచి నేను షాపు నుంచి రాగానే, ఆరున్నరకు తినేస్తాను. ఇక్కడే, ఈ బల్ల దగ్గరే, కూర్చుని. అమ్మాయి నాతో తింటుంది. ఆ గంటసేపు ఈ గదిలోకి ఎవరూ రావద్దు. మీరూ అత్తయ్యా ఎప్పటిలా ఎనిమిదింటికి తినండి. వండి మూతపెట్టి ఉంచుతాను, వడ్డించడానికి మాత్రం రాను."

అత్తయ్య ఆయన వంక చూసింది. ఆయన తల ఎత్తలేదు.

"ఆయన ప్యాంట్లు కూడా ఇక నేను కుట్టను," అన్నాను అత్తయ్యతో. "షాపుకు రమ్మనండి. కొలత కాజాలక్క తీసుకుంటుంది."